అత్తయ్య ఫోటో తీసేశాను

జూన్ 3

చిట్టీ,

అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం రివాజు. ఈసారి తలవడం లేదు. ఆల్బం నిన్న తిరిగొచ్చింది. నీ ఫోటో వెనక నువ్వు రాసిన కథ చదివాను. అప్పటి నుంచి నీ క్షేమం గురించి ఆలోచించే తీరిక నాకు దొరకలేదు.

మన ఆల్బం సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, మర్చిపోయినట్టున్నావు కాబట్టి చెబుతున్నాను. పదకొండు మందిమి. ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, కెమెరా పిచ్చి ఒక్కటే అందరిదీ. ఒక్కొక్కరు ఒక మామూలు ఫోటో నాకు పంపాలి, దాని కథ వెనక సొంత చేత్తో రాయాలి. నేను వాటిని ఆల్బంలో మూలలకి దూర్చి పోస్టులో వేస్తే, అది ఇల్లిల్లూ తిరిగి, అందరి అభిప్రాయాలూ మోసుకుని నా దగ్గరికే వస్తుంది. ఈ విడత నీది ఆలస్యమైందని, ఆల్బం మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వే దూర్చుకున్నావు. పెళ్ళిళ్ళు, కొండలు, సూర్యాస్తమయాలు పనికిరావు. ఏర్పాటు చేసి తీసినవి అసలే పనికిరావు. ఈ నియమాలు పెట్టింది ఎవరు? తమరే.

ఇప్పుడు నీ ఫోటో. మా బాల్కనీ. అత్తయ్య ముక్కాలి పీట మీద కూర్చుంది. ఒళ్ళో పంచదార డబ్బా, నోట్లో చెంచా, కళ్ళు ఇంతింత చేసుకుని నీ కెమెరా వైపు చూస్తోంది. ఫోటో బాగుంది. బాగుంది కాబట్టే నాకింత కడుపుమంట. వెనక ఏం రాశావు? "దొంగ దొరికింది. ఈ ఇంట్లో బీరువాకి తాళం లేదు, పంచదారకి ఉంది. తాళంచెవి మా వదిన కొంగున ఉంటుంది." కొంగున! నన్నెప్పుడైనా కొంగున తాళాలు కట్టుకుని తిరగగా చూశావా? అది అలమార పైన మేకుకి ఉంటుంది, అత్తయ్యకి అందనంత ఎత్తున. ఆ మేకు కొట్టింది మీ అన్నయ్య.

దీని మీద పెద్దల అభిప్రాయాలు చూడు. పళ్ళ డాక్టరు: "పాపం పెద్దావిడ! పళ్ళు పుచ్చిపోయేంత పంచదార పెట్టండి, నేను చూసుకుంటాను." దర్జీ ఆయన: "మా ఇంటికి పంపెయ్యండి, బస్తాకి తాళం లేదు." మన హెడ్మాస్టరుగారైతే కళ్ళద్దాలు మార్పించుకునే వంకతో మా దుకాణానికే వచ్చాడు. నేను అద్దాలు తుడిచి ఆయన ముక్కు మీద పెడుతుంటే, "తాళంచెవి వెంట తెచ్చారా అమ్మా?" అని అడిగాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది, జీతం తీసుకునేదాన్ని కదా.

అత్తయ్యకి షుగరని ఆ కథలో ఒక్క ముక్క లేదు. డాక్టరు తాళం వెయ్యమన్నాడని లేదు. పోయిన నెల వంటింటి గుమ్మం తగిలి ఆమె కాలి బొటనవేలు చిట్లింది, ఇప్పటికీ మానలేదు. అదీ నీకు తెలుసు. ఆ డబ్బా ఆమె ఒళ్ళోకి ఎలా వచ్చిందో నాకింకా తెలియదు. కనుక్కుంటాను. ఈలోగా జరిగింది జరిగినట్టు రాసి పంపు, ఆ ఫోటో వెనక అతికిస్తాను.

దుకాణం తెరిచే వేళయింది. అన్నట్టు, పొద్దున అత్తయ్య ఫోటో తీసేశాను. ఆమెని అడిగే చేశాను. తర్వాత తెలిసి నువ్వు ఒంటికాలి మీద లేస్తావని ముందే చెబుతున్నాను.

కొంగున ఏమీ లేని
నీ వదిన

జూన్ 11

గౌరవనీయులైన వదినగారి సముఖానికి,

తీసేశారన్నమాట. అమ్మ ఫోటో. ఆల్బంలోంచి. పైగా అమ్మని అడిగే చేశారట! మీ ఇంట్లో ఉంటూ, మీరు పెట్టింది తింటూ, పాపం అమ్మ కాదంటుందా? రేపు చిట్టిని కన్నావా అని మీరు అడిగితే, నీ ఇష్టం అమ్మా, కనలేదు అనమంటే కనలేదనే అంటాను అంటుంది.

నేను తీసిన ఫోటోని తీసెయ్యడానికి నువ్వెవరు? ఆల్బం నీ అలమారలో ఉన్నంత మాత్రాన నీ పుట్టింటి సొత్తయిపోతుందా? అందులో ఉన్నవన్నీ బాగుండి, ఒక్క నాదే నీ కంట్లో పడిందా? నేను ఊరుకునే రకం కాదని నీకు తెలుసు. అందరికీ తలో ఉత్తరం రాసి పడేశాను. "ఆల్బం ఉంచుకునే మనిషి తనకి నచ్చని ఫోటో పీకి పారేసింది. ఇవాళ నాది, రేపు మీది. జాగ్రత్త" అని.

కొంగు సంగతికొస్తే, కథన్నాక కాస్త ఉప్పూ కారం ఉండాలి. కొంగు అని రాస్తే మనిషి కళ్ళకి కడుతుంది. మేకు అని రాస్తే ఎవరు చదువుతారు? నువ్వు రాసే కథలు ఎవరైనా పూర్తిగా చదివారా అసలు? పోయినసారి పంపావు, చేయించుకుని ఎవరూ పట్టుకెళ్ళని కళ్ళద్దాల వరస. వెనక రసీదు మీద రాసినట్టు రాశావు. ఏ అద్దం ఎవరిది, ఎందుకు రాలేదు అని. నాకు ఆవలింత వచ్చింది. ఒక్క మాట అడుగుతాను, తిన్నగా చెప్పు. తాళం ఉందా, లేదా?

వేలు చిట్లిందని రాశావు. చిట్లితే మందు రాయి. గోరంతని కొండంత చెయ్యడం నీకు మొదటి నుంచీ ఉన్నదే. మొన్న అమ్మే ఫోన్ చేసింది. కాలెలా ఉందమ్మా అంటే "ఏ కాలు?" అంది. అంత గుర్తుంది ఆవిడకి ఆ గాయం!

ఈసారి ఫోటో పంపుతున్నాను. మా డిపోలో మధ్యాహ్నం బస్సు. ఒకాయన పూలకుండీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు మా కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు. మొక్కకి వద్దు, కుండీకి కొట్టు అన్నాను. అయితే మొక్క పీకి ఒళ్ళో పెట్టుకుంటాను, కుండీ దింపెయ్యండి అని ఆయన లేచాడు. ఆ రభసలో తీశాను. పీకే ముందు వెనకున్న కథ ఒకసారి చదువు.

నెలాఖరుకి సెలవు పెడుతున్నాను. వచ్చి అమ్మని తీసుకొచ్చేస్తాను. ఇక్కడ ఏ డబ్బాకీ తాళం లేదు. ఫోన్ చెయ్యకు, మీ ఇంటి నెంబరు చూస్తే ఎత్తను. అన్నయ్య చేసినా అంతే, రెండు మాటలు మాట్లాడి నీ చేతికిస్తాడు. అమ్మ తన ఫోన్లో చేస్తే మాట్లాడతాను. నీకేమైనా చెప్పాలనుంటే రాసుకో.

మీరు తీసేసిన ఫోటో తీసిన
చిట్టి

జూన్ 19

చిట్టీ,

తెలుగు మాట్లాడే ఇంట్లోనే పుట్టావా?

తీసేశాను అంటే తీయడం అయిపోయిందని. కెమెరాతో. "స్నానం చేసేశాను" అంటే ఏమనుకుంటావు? "అన్నం తినేశాను" అంటే? నేను అత్తయ్యని ఫోటో తీశాను. కొత్తగా. నా కెమెరాతో. నువ్వు తీసినది ఆల్బంలో పెట్టినచోటే పెట్టినట్టు ఉంది. నీ ఉత్తరం చదివాక దాన్ని నిజంగానే చించి పొయ్యిలో పెట్టాలనిపించింది. పెట్టలేదు. అది నీ అలవాటు, నాది కాదు.

నీ ఉత్తరాలు చేయాల్సిన పని చేశాయి. దర్జీ ఆయన తన ఫోటోలన్నీ వెనక్కి పంపించమన్నాడు. పళ్ళ డాక్టరు, "గొడవెందుకు, ఆల్బం ఇక నా దగ్గర ఉంటుంది" అని రాశాడు. అందరినీ బతిమాలి, అట్టలు కొని, మూలలు కత్తిరించి నిలబెట్టినదాన్ని నువ్వు తలో ఉత్తరంతో వీధిన పడేశావు. దానికి నీ చేత క్షమాపణ చెప్పించుకునే ఓపిక కూడా నాకు లేదు, ఎందుకంటే అంతకంటే పెద్ద పని ఉంది.

దీనితో పాటు ఒక ఫోటో పెట్టాను. చూడు. నేను తీసేశాను అన్నది ఇదే. అత్తయ్య కుడికాలు. బొటనవేలు గోరు కింద నుంచి నలుపు పైకి పాకుతోంది. రోజూ ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళప్పుడు తీసి తెమ్మన్నాడు డాక్టరు, నలుపు ఆగిందో పెరుగుతోందో తెలియాలంటే అదే మార్గమట. పాకితే ఆలోచించాల్సి వస్తుందన్నాడు. ఏం ఆలోచించాలో మీ అన్నయ్యని అడగమన్నాను. ఆయన గోడ మీది ఎలుకల మందు ప్రకటన చదువుతూ నిలబడ్డాడు.

ఇంకో రెండు సంగతులు తెలిశాయి. అత్తయ్య దిండు గలీబు ఉతకడానికి తీస్తే లోపల్నుంచి చాక్లెట్ కాగితాలు గలగలా రాలాయి. మంచం కింద అట్టపెట్టె, దాని మీద మీ ఊరి పోస్టు ముద్ర. రెండోది, ఆ పంచదార డబ్బా సంగతి. గట్టిగా అడిగితే అత్తయ్యే చెప్పింది. "తాళం తీసింది చిట్టే. కుర్చీ ఎక్కి మరీ తీసింది. డబ్బా ఒళ్ళో పెట్టి, తినమ్మా, మొహం ఇటు పెట్టు అంది" అని. నువ్వే తాళం తీసి, నువ్వే డబ్బా ఇచ్చి, నువ్వే చెంచా పెట్టి, నువ్వే ఫోటో తీసి, కన్నతల్లిని దొంగని చేసి, నన్ను జైలు కాపలాదారుని చేశావు. ఏర్పాటు చేసిన ఫోటోలు పనికిరావని నియమం పెట్టిన మహాతల్లివి నువ్వు!

ఆమెని తీసుకెళ్తానంటున్నావు. మీ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆమె మా వంటింటి గుమ్మం దాటడానికే మీ అన్నయ్య భుజం పట్టుకుంటోంది. ముందు ఫోటో చూడు, తర్వాత మాట్లాడు.

వదిన

జూన్ 27

వదినా,

నాకు తెలుగు నేర్పినందుకు కృతజ్ఞతలు. "తీశాను" అని రాస్తే సరిపోయేదానికి "తీసేశాను" అని రాసి, చదివేవాళ్ళది తప్పంటావు. సరే, నేర్చుకున్నాను. ఇక మీదట నువ్వు తీసేశాను అని రాస్తే కెమెరా నొక్కావనే అనుకుంటాను. ఒట్టు. నీ చేత ఇంకోసారి స్నానం పాఠం చెప్పించుకోను.

ఇప్పుడు నీ ఫోటో. ఇన్నేళ్ళుగా కెమెరా పట్టుకుంటున్నావు, సిగ్గులేదూ? కాలిని కిటికీకి అడ్డంగా పెట్టి పక్క వెలుగులో తీస్తే ఎవరి వేలైనా బొగ్గులాగే ఉంటుంది. పైగా ప్రింటులో నలుపు ఎక్కువ కొట్టారు. మడమ చూడు, అదీ నల్లగానే ఉంది. మరి మడమకీ రోగమేనా? నీకు నమ్మకం కుదరడానికి నా కాలి బొటనవేలు కూడా మా వంటింటి కిటికీ దగ్గర పెట్టి తీసి పంపుతున్నాను. చూడు, ఎంత నల్లగా వచ్చిందో. నేనేమైనా ఆసుపత్రికి పరిగెత్తానా? నా మీద నెగ్గడానికి అమ్మ కాలిని వాడుకోకు.

నిన్న అమ్మతో మాట్లాడాను. "మీ వదినకి ఫోటోల పిచ్చి ముదిరిందే. పొద్దున్నే కాలు చాపు, కాలు చాపు అంటుంది. నా మొహం ఎప్పుడూ తీయలేదు గానీ" అని ఒకటే నవ్వు. నొప్పి ఉన్న మనిషి అలా నవ్వుతుందా?

చాక్లెట్లు పంపింది నేనే. దాచాల్సిన పని లేదు. అమ్మ అడిగింది. చిన్నప్పుడు నేను అడిగితే కొనిచ్చేది, తను ఏనాడూ నన్ను ఏదీ అడగలేదు. చీర కొంటే ఎందుకే అంటుంది, డబ్బు పంపితే అన్నయ్యకిచ్చేస్తుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోరు తెరిచి నన్ను అడిగింది ఇదొక్కటే. నేను పంపకుండా ఎలా ఉంటాననుకున్నావు? నువ్వైతే ఉంటావు. నీకు ఆమె అత్తగారు.

ఇక్కడ ఇద్దరు పని మానేశారు, నెలాఖరుకి సెలవివ్వలేదు. వచ్చే నెల తప్పకుండా వస్తాను. మూడు అంతస్తులూ అవసరమైతే వీపున మోస్తాను. నువ్వు దిగులు పడకు.

చిట్టి
(ఆ పేరుతో అమ్మ పిలుస్తుంది. నువ్వు పిలవడం మానేస్తే సంతోషిస్తాను.)

జూలై 6

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కాగితం కూడా ఇక్కడిదే.

నిన్న పొద్దున అత్తయ్య వేలు తీసేశారు. డాక్టరు ఆలస్యం చెయ్యొద్దన్నాడు. ఒప్పుకోదేమో అనుకున్నాను, ఒప్పుకుంది. పెద్ద డాక్టరే దగ్గరుండి తీశాడు. చక్కగా వచ్చిందన్నాడు. పక్క వేళ్ళు ప్రస్తుతానికి బాగానే ఉన్నాయట, అవీ చూస్తూ ఉండాలన్నాడు. మీ అన్నయ్య పక్కనే ఉన్నాడు. నీకు నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

"చిట్టికి చెప్పకు, కంగారు పడుతుంది" అంటోంది అత్తయ్య. నేను చెబుతున్నాను. నిన్నటి నుంచి నిద్ర లేదు, ఇంతకంటే రాయలేను. రాగలిగితే రా.

వదిన

జూలై 13

వదినా,

నీ వరండా ఉత్తరం చేరింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు పెద్ద డాక్టరు చేత కూడా తీయించావన్నమాట! చక్కగా వచ్చిందా? మరి ఆ ఫోటో ఒకటి పంపకపోయావా, చూసి తరించేదాన్ని. నా మాట మీద నీకంత పట్టుదల ఉంటుందనుకోలేదు. ప్రింటు బాగాలేదన్నందుకు ఏకంగా ఆసుపత్రికి తీసుకుపోయి, మంచి వెలుగులో, నాలుగు దీపాల కింద తీయించావు. అమ్మ కూడా ఒప్పుకుందట. ఒప్పుకోక చస్తుందా? రేపు ఆ డాక్టరుని కూడా మన బృందంలో చేర్చుకో, దర్జీ ఆయన ఖాళీ ఉందిగా.

ఎన్నిసార్లు తీస్తారమ్మా ఆ ఒక్క వేలినీ? పక్క వేళ్ళు ఏం పాపం చేశాయి? మిగిలిన తొమ్మిదీ కూడా తీయించెయ్యి. ఒక్కోదానికి ఒక్కో పేజీ చొప్పున ఆల్బం నిండుతుంది. వెనక కథలు నేను రాసిపెడతాను. నీకు రాయడం రాదు కదా.

అన్నయ్య ఫోన్లు చూశాను. నీ తరఫున రాయబారానికని నాకు తెలుసు. అందుకే ఎత్తలేదు.

అమ్మకి ఒక పెట్టె పంపుతున్నాను. ఈ ఉత్తరం కూడా అందులోనే పెట్టాను, వేరే స్టాంపు దండగ. ఏముందో విప్పి చూసుకో, నాకేం భయం లేదు. ఈసారి గింజలున్నవి పంపాను, అవంటే ఆమెకి ఇష్టం. దిండు గలీబులు వెతకడం మానేసి ఇంకేదైనా పని చూసుకో.

చిట్టి

జూలై 21

నీ పెట్టె వచ్చేసరికి నేను దుకాణంలో ఉన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీదున్న అత్తయ్యే సంతకం పెట్టి తీసుకుంది. ఉత్తరం కూడా ఆమే చదివింది.

నేను ఇంటికి వచ్చేసరికి కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. చాక్లెట్లు విప్పలేదు. ఏం రాసిందని అడిగాను.

"మిగిలినవి కూడా తీయించమంది" అంది.

నాకు అర్థం కాలేదు. ఉత్తరం నా చేతికిచ్చింది. నేను చదువుతున్నంతసేపూ నా మొహమే చూసింది. చివరికి, "అది ఫోటో అనుకుంటోందే. అనుకోనీ. నువ్వు మళ్ళీ ఏమీ రాయకు" అంది.

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను అత్తయ్య మాట కాదనలేదు. ఇదొక్కటి కాదంటున్నాను. వేలు తీసేశారు అంటే కోసేశారు. ఆసుపత్రిలో, మత్తిచ్చి, కత్తితో. ఆమె కుడికాలికి ఇప్పుడు బొటనవేలు లేదు. ఈసారి ఏ మాటకీ రెండర్థాలు లేకుండా రాశానా?

కట్టు మొదటిసారి విప్పినప్పుడు నేను గోడవైపు తిరిగాను. అన్ని రోజులు కెమెరాలోంచి అంత దగ్గరగా చూసినదాన్ని, అది లేని చోటు చూడలేకపోయాను. కట్టు మార్చే నర్సు కళ్ళు తుడుచుకోమని నాకే దూది ఇచ్చింది. అత్తయ్య మాత్రం వంగి చూసుకుని, "చెప్పు వదులవుతుందేమో" అంది. కట్టు మార్పించడానికి తీసుకెళ్ళినప్పుడల్లా డాక్టరు పక్క వేలు నొక్కి చూస్తున్నాడు. ఆయన నొక్కిన ప్రతిసారీ నాకు నీ ఉత్తరంలో మాట గుర్తొస్తోంది. నువ్వు తెలియక రాశావు. తెలుసు. తెలియక రాశావు కాబట్టి నిన్ను కడుపారా తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది, నాకు ఒళ్ళు మండుతున్నది అందుకే.

నేను అబద్ధాలకోరునని నమ్మడం నీకు సులువైంది. ప్రింటులో నలుపు ఎక్కువైందని నమ్మడం సులువైంది. నీ కాలు ఫోటో తీసి పంపావు చూడు, దాన్ని మీ అన్నయ్య చూసి బయటికెళ్ళిపోయాడు. చీకటి పడ్డాక గానీ తిరిగి రాలేదు.

నాకు ఆమె అత్తగారు అని రాశావు. అవును. మంచం దిగడానికి ఆమె ఇప్పుడు మెడ పట్టుకునేది నాది. నీతో నాకు ఇంక మాటలు లేవు. ఆల్బం పళ్ళ డాక్టరుకి పంపేశాను. నువ్వు పంపేవి ఇక నుంచి ఆయనకే పంపు. ఆమెని తీసుకెళ్తానన్న మాట మాత్రం ఇంక ఎత్తకు. ఆమె ఇప్పుడు ఎక్కడికీ వచ్చే స్థితిలో లేదు.

జూలై 26

వదినా,

నీ ఉత్తరం డిపో కిటికీ దగ్గర కూర్చుని విప్పాను. మళ్ళీ తిట్లే కదా అని, టికెట్లు చింపుతూ చదువుదామనుకున్నాను. ఎదురుగా ఒకావిడ రెండు టికెట్లు ఇమ్మంటోంది. నేను ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నానట. ఆవిడే లోపలికొచ్చి మా పెద్దాయన్ని పిలిచింది. నన్ను లేపి వెనక గదిలో కూర్చోబెట్టారు. ఏమైందమ్మా అంటే చెప్పలేకపోయాను. ఏమని చెప్పను? మా అమ్మ వేలు కోసేస్తే మిగిలినవీ కోయించమని రాశానని చెప్పనా?

ఏడుపు ఆగాక అమ్మకి ఫోన్ చేశాను. కాలెలా ఉందమ్మా అన్నాను.

"బానే ఉంది. మీ వదిన ఫోటోలు మానేసింది, ప్రాణం హాయిగా ఉందే."

"నడుస్తున్నావా?"

"నడవక? ఇప్పుడే బాల్కనీలోకి వెళ్ళొచ్చాను. నువ్వు పంపినవి బాగున్నాయి, గింజలవి. అప్పుడే అయిపోయాయి."

నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు. రానా అమ్మా అంటే, "ఇప్పుడెందుకే? వస్తే మీ ఇద్దరూ మళ్ళీ కొట్టుకుంటారు" అంది.

ఇన్నాళ్ళూ నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను. అబద్ధం చెప్పింది అమ్మ. నాకేది వినాలనుందో అదే చెప్పింది. నువ్వు ఫోటో కూడా పంపావు. కళ్ళెదురుగా పెట్టినా నేను వెలుగు చూశాను, ప్రింటు చూశాను, మడమ చూశాను, వేలు చూడలేదు. నాకు నా మీద అసహ్యం వేస్తోంది. దాన్ని నీకు రాయాల్సి రావడం మరీ అసహ్యంగా ఉంది.

నీ మీద కోపం మాత్రం పోలేదు. పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. నేను ఫోన్ ఎత్తకపోతే డిపోకి చెయ్యొచ్చుగా? మైకులో పిలిచేవాళ్ళు. పరిగెత్తుకొచ్చేదాన్ని. కన్నతల్లి వేలు తీస్తుంటే నువ్వూ అన్నయ్యా నాకు ఉత్తరం ముక్క పంపి ఊరుకున్నారు. ఆ మాట అనకుండా ఉండలేను, అనేశాను. నన్ను క్షమించమని అడగడం లేదు. నువ్వు క్షమిస్తే భరించడం ఇంకా కష్టం.

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. ఆమెని తీసుకెళ్ళడానికి కాదు, ఉండడానికి. సెలవిస్తారా లేదా అని అడగలేదు, చెప్పాను. నీ వంటింట్లో నేను అడ్డం పడతాను, నీకు నచ్చదు. భరించు.

నన్ను తిట్టాల్సినవి నీ దగ్గర చాలా ఉంటాయి. అన్నీ మెట్ల మీదే తిట్టెయ్యి. పక్కింటివాళ్ళు వింటారని చూడకు, గట్టిగానే తిట్టు. నేను ఒక్క మాట తిరిగి అనను. ఎందుకంటే లోపలికి వచ్చాక అమ్మ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుని, "వేలికేమే, బానే ఉంది" అంటుంది. అవునమ్మా అనాలి నేను. అప్పుడు నువ్వు నా మొహం వంక చూడకు, వదినా.

చిట్టి